మాస్టారు పోయాక ఎవర్ని అడగాలి అన్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది నిన్న రాత్రే చదివాను. అప్పుడు చెయ్యి ఆడలేదు. పొద్దున్న షాపు తెరిచే ముందు కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

మాస్టారు పోయి నెల దాటింది, ఫోన్లోంచి ఆయన నంబరు తీసెయ్యడానికి మనసొప్పట్లేదు, ఆయన పంపిన వాయిస్ మెసేజీలు వందకి పైగా నా దగ్గర ఉన్నాయి, అన్నీ రాసి పుస్తకంలా చేసి అందరికీ పంచితే బాగుంటుందా, ఇకమీదట సందేహం వస్తే ఎవర్ని అడగాలి అని అడిగావు. చివర్లో ఇంకో మాట కూడా ఉంది. గుణుపూర్ దగ్గర మీ మిల్లులో 20 హెచ్‌పీ మోటారు మొన్నటి వానకి తడిసిందని, ఆరబెడుతుంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో మెగోముల్లో చెప్పే మెగ్గర్ పొద్దున్న 0.9 చూపించి సాయంత్రానికి 0.6కి పడిపోయిందని, మాస్టారుంటే ఒక్క ఫోన్‌తో తేలిపోయేదని. ఈ రెండో సంగతి నువ్వు చివర్లో చిన్నగా రాశావు కానీ నీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా అందులోంచే వస్తుంది, చెప్తాను.

నంబరు తియ్యకు. నేనూ తియ్యలేదు.

ఆయన్ని ఎరగనివాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. మాస్టారు అని అందరం పిలిచేవాళ్ళం గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. మాచ్‌ఖండ్‌లో పనిచేసి వచ్చిన మనిషి. డుడుమ జలపాతం దగ్గర ఒడిశా, ఆంధ్ర ఉమ్మడిగా నడిపే జలవిద్యుత్ కేంద్రం, 1955లో మొదటి యూనిట్ తిరిగింది, ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. అక్కడ మెయింటెనెన్స్‌లో ముప్పై ఏళ్ళకి పైగా చేసి రిటైరై పర్లాకిమిడి వచ్చి స్థిరపడ్డారు. పవర్ హౌస్‌లో జనరేటర్ల మీద పనిచేసిన మనిషికి మన ధాన్యం మిల్లుల మోటార్లు, పొలం పంపులు ఒక లెక్కలోవి కావు. అయినా కాశీనగరం నుంచి పద్మపూర్ దాకా, ఇటు పాతపట్నం, మెళియాపుట్టి దాకా, ఏ కుర్రాడు ఫోన్ చేసినా ఎత్తేవారు. ఎత్తగానే ఒకటే మాట. "మీటరు ఏమంటోంది బావూ?"

ఈ మాట విన్నవాళ్ళం ఈ జిల్లాల్లో ఎంతమందిమి ఉన్నామో.

నేను మొదటిసారి విన్నది 2009లో. అప్పటికి గుణుపూర్ రైలు లైను బ్రాడ్‌గేజ్ పనుల్లో ఉండేది, మోటారు తేవాలన్నా పంపాలన్నా ఆటోలే దిక్కు. కాశీనగరంలో ఒక మిల్లు, 20 హెచ్‌పీ మోటారు, అదీ సరిగ్గా నీ మోటారు సైజే. నాలుగు నెలల్లో మూడు సార్లు కాలింది. మూడు సార్లూ రివైండింగ్, అంటే లోపలి వైండింగ్ తీగంతా కొత్తగా చుట్టడం, చేసింది నేనే. మిల్లు యజమాని నా పనితనాన్నే అనుమానించాడు, నాకూ నా మీద అనుమానం మొదలైంది, వైరు మంచిదా కాదా, వార్నిష్ సరిగ్గా పట్టిందా లేదా అని రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు. ఎవరో చెప్తే మాస్టారింటికి వెళ్ళాను. కథంతా చెప్పాను. ఆయన విని, మంచినీళ్ళిచ్చి, మూడు ఫేజుల మధ్య ఓల్టేజీలు ఎంతెంత ఉన్నాయి అన్నారు. చూడలేదన్నాను. కరెంటు ఫేజుకెంత? వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ ఒక్క ఫేజు మీదే పెట్టాను, 28 ఆంపియర్లు ఉంది, సరిపోయిందనుకున్నాను. ఆయన తిట్టలేదు. మర్నాడు నాతోపాటు బస్సెక్కి మిల్లుకొచ్చారు.

పొద్దున్న కొలిస్తే అంతా బాగుంది. నాకు నీరసం వచ్చింది. ఆయన మాత్రం ఒక పాత డైరీలో గీతలు గీసి గంట గంటకీ మూడు ఓల్టేజీలు, మూడు కరెంట్లు రాయమన్నారు, తను మిల్లు అరుగు మీద కూర్చున్నారు. సాయంత్రం నాలుగు దాటాక ఆ డైరీలో 415, 409, 388 పడ్డాయి. కరెంట్లు 33, 29, 21. అప్పుడు నాతోనే లెక్క కట్టించారు. మూడింటి సగటు 404. సగటుకి ఎక్కువ దూరంలో ఉన్నది 388, తేడా 16, అంటే దగ్గరదగ్గర నాలుగు శాతం. ఓల్టేజీలో నాలుగు శాతం తేడా అంటే కంటికి ఆనదు, కానీ కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది. వేడి సంగతి ఇంకా ఘోరం, ఆ శాతాన్ని దానితోనే గుణించి రెట్టింపు చెయ్యమన్నారు, నాలుగు నాలుగులు పదహారు, రెట్టిస్తే ముప్పై రెండు శాతం. అంటే వైండింగ్ మామూలుగా 80 డిగ్రీలు పెరగాల్సిన చోట 105 దాకా పెరుగుతుంది. పది డిగ్రీలు ఎక్కువైతే ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్న సంగతి నాకు తెలుసు, మా షాపు గోడ మీద కూడా రాసి ఉంది, కానీ ఆ సాయంత్రం దాకా అది నా చేతికి తగల్లేదు.

ఎందుకు అలా పడుతోంది? మిల్లు వెనక వీధిలో ట్రాక్టరు ట్రాలీలు చేసే షాపు ఉంది. రెండు వెల్డింగ్ సెట్లు, రెండూ ఒకే రెండు ఫేజుల మీద. ఎండ తగ్గాక పని మొదలెడతారు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దూరం ఎక్కువ, లైను సన్నది. ఆ రెండు ఫేజుల మధ్య ఓల్టేజీ పడిపోవడం అక్కడిదే. మాస్టారు వెళ్ళి వాళ్ళతో ఒరియాలో ఏం మాట్లాడారో తెలియదు గానీ వారంలో ఒక సెట్టు వేరే ఫేజుకి మారింది. తర్వాత ఆ మోటారు నా షాపుకి రాలేదు.

ఒక సంగతి ఆయనకి చెప్పకుండా దాచాను. మోటారుని మెల్లగా ఎత్తుకునే స్టార్ డెల్టా స్టార్టర్‌లో, కరెంటు ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ కొట్టేస్తోందని మూడోసారి నేనే డయల్ 16 నుంచి 20కి తిప్పాను. ఫేజు వైర్లలో ఉండే రిలే కాబట్టి లైను కరెంటులో 58 శాతానికి పెట్టాలి, 28కి 16 వస్తుంది, అది సరైన సెట్టింగే. రిలే పాపం సరిగ్గానే చెప్తోంది, నేనే దాని నోరు మూశాను. బస్సులో వచ్చేటప్పుడు ఉండబట్టలేక చెప్పేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "డయలు మీద గీత చెరిగి ఉంటే చూశాను బావూ, నువ్వే చెప్తావని ఊరుకున్నాను" అన్నారు. అంతే, ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. ఆయన పోయిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బస్సు సీటే.

ఇప్పుడు నీ మోటారు దగ్గరికి వస్తాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నువ్వప్పుడు చిన్నవాడివి, ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. గజపతి జిల్లా అంతా అతలాకుతలం, వంశధార పొంగి మిల్లుల్లోకి నీళ్ళొచ్చేశాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. నీళ్ళు తీశాక చూస్తే మోటార్లన్నీ ఒండ్రు మట్టితో గట్టిపడి ఉన్నాయి. చాలామంది మోటార్లు పోయినట్టే అనుకుని పాత ఇనుముకి బేరం పెట్టారు. మాస్టారికి అప్పటికి డెబ్బై దాటాయి. ఒక్కటీ అమ్మొద్దని కబురు పంపి, మా కుర్రాళ్ళం పదకొండు మందిని పోగుచేశారు.

ముందు మంచినీళ్ళతో కడగడం. అందరికీ అదే ఆశ్చర్యం, తడిసినదాన్ని మళ్ళీ కడగడమేమిటని. మట్టి, అందులోని ఉప్పు వైండింగ్‌లో ఉండిపోతే ఎంత ఆరబెట్టినా చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. బేరింగులు విప్పేసి, తిరిగే రోటరు తీసేసి, తీగ చుట్టి ఉండే కదలని స్టేటరుని రెండు మూడు నీళ్ళు కడిగి, తలకిందులుగా ఒడేసి, తర్వాత వేడి. వేడికి కరెంటేదీ? టెంట్ హౌస్ వాళ్ళ జనరేటరు తెచ్చాం. పెళ్ళిళ్ళలో వీడియో వాళ్ళకి పెట్టే హాలోజన్ లైట్లు తెచ్చాం. టార్పాలిన్ కప్పి, పైన ఆవిరి పోవడానికి కాస్త సందు వదిలి, కింద లైట్లు దూరంగా పెట్టి, మధ్యలో థర్మామీటరు వేలాడదీశారు. 80 దాటనివ్వద్దు, తొందరపడి మంట పెడితే లోపలి నీళ్ళు ఆవిరై ఇన్సులేషన్‌ని చీల్చుకుని వస్తాయని పదే పదే చెప్పారు.

గంట గంటకీ మెగ్గర్. ఒక సవర కుర్రాడు, ఇప్పుడు పద్మపూర్‌లో సొంత షాపు ఉంది, వాడి వంతు వచ్చింది. పొద్దున్న 0.8 ఉన్న మోటారు మధ్యాహ్నానికి 0.3కి పడింది. వాడి మొహం మాడిపోయింది, తనే ఏదో పాడుచేశానని లైట్లు ఆర్పబోయాడు. మాస్టారు వాడి చెయ్యి పట్టుకుని ఆపి, వాడి భాషలో ఏదో చెప్పి, మాకు తెలుగులో చెప్పారు: "వేడెక్కితే పడుతుంది, పడాలి. లోపల దాక్కున్న చెమ్మంతా కదిలి బయటికి బయల్దేరింది. ఇప్పుడు ఆర్పితే అక్కడే ఉండిపోతుంది." రాత్రికి 0.5 అయింది, మర్నాడు 4, ఆ సాయంత్రం 20 దాటింది. 20 దాటాక కూడా ఆపనివ్వలేదు, వరసగా నాలుగు గంటలు ఒకేచోట నిలబడ్డాకే లైట్లు తీయించారు. ఆ పది పన్నెండు రోజుల్లో నలభైకి పైగా మోటార్లు లేచాయి. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, జనరేటరు డీజిల్ మాత్రం మిల్లుల వాళ్ళు పోశారు.

ఆయనకి కోపం రావడం చూసింది కూడా ఆ రోజుల్లోనే. ఒక మిల్లులో లైను కరెంటూ జనరేటరు కరెంటూ కలవకుండా విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు వైర్లు తెచ్చి నేరుగా బోర్డుకి కలిపేశారు. లైను మీద కుర్రాళ్ళు స్తంభాలు ఎక్కి పనిచేస్తున్నారు. మన 415 వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతే అటువైపు 11,000 అవుతుంది, లైను చచ్చి ఉందనుకుని ముట్టుకున్నవాడు ఇంటికి రాడు. మాస్టారు మాట్లాడకుండా వెళ్ళి జనరేటరు ఆపి, వైర్లు పీకి, చేతులు వణుకుతుండగా, ఛేంజోవర్ పెట్టేదాకా నీ మోటారు ముట్టుకోను, మా కుర్రాళ్ళనీ ముట్టుకోనివ్వను అన్నారు. అలాగే చేశారు కూడా. నువ్వూ ముందు మీ మిల్లులో అది ఉందో లేదో చూడు.

కాబట్టి తమ్ముడూ, 0.9 నుంచి 0.6కి పడిందని భయపడకు. వేడిమీద కొలిచావు కదా? వైండింగ్ పది డిగ్రీలు వేడెక్కితేనే రీడింగ్ దగ్గరదగ్గర సగమవుతుంది. పొద్దున్న ఎంత వేడి మీద కొలిచావు, సాయంత్రం ఎంత మీద కొలిచావు, అది రాయలేదు నువ్వు. వేడి ఆపొద్దు, 80 దాటనివ్వొద్దు, మళ్ళీ పైకి లేచి ఒకచోట నిలబడేదాకా చూడు. 500 ఓల్టుల మెగ్గరే వాడు. కొలిచిన ప్రతిసారీ వైండింగ్‌ని బాడీకి తగిలించి డిశ్చార్జ్ చెయ్యి. పాత లెక్క ప్రకారం 415 ఓల్టుల మోటారుకి ఒకటిన్నర మెగోమ్ ఉంటే చాలనేవాళ్ళు, ఇప్పటి ప్రమాణం 40 డిగ్రీల దగ్గర 5 ఉండాలంటుంది. మాస్టారు 5 లేకుండా స్విచ్ వెయ్యనిచ్చేవారు కాదు. 0.6 మీద మాత్రం ఎవరు తొందరపెట్టినా వెయ్యకు, మిల్లు యజమాని తిట్టినా సరే.

ఇక పుస్తకం సంగతి. ముందు మాస్టారి ఇంట్లోవాళ్ళని అడుగు, ఆయన భార్య, మన అమ్మగారిని అడక్కుండా ఆయన గొంతు నలుగురికీ పంపొద్దు. ఆవిడ వద్దనరని నా నమ్మకం, అయినా అడగాలి. ఆ తర్వాత, మెసేజీలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంచడం నాకు ఇష్టం లేదు, కారణం చెప్తాను. ఆయన ఒకసారి ఒక కుర్రాడికి "రిలే కాస్త పెంచుకో బావూ" అని మెసేజీ పెట్టారు. ఆ మోటారు నేమ్‌ప్లేటు ఫొటో చూసి, మూడు కరెంట్లు సమానంగా ఉన్నాయని తేల్చుకుని, సెట్టింగ్ నేమ్‌ప్లేటు కన్నా తక్కువ ఉందని గమనించి చెప్పిన మాట అది. ఆ మెసేజీ చేతులు మారి ఇంకో ఊరు చేరింది. అక్కడొకాయన అది విని, మాస్టారే చెప్పారు కదా అని తన రిలే పెంచాడు. మోటారు కాలింది. మాస్టారికి ఆ సంగతి తెలిసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళబ్బాయి చెప్పాడు. ఆ తర్వాత నుంచే ఆయన ప్రతి మెసేజీ మొదట్లోనూ మోటారు ఎవరిది, రీడింగ్ ఎంత అని చెప్పి గానీ జవాబు మొదలుపెట్టేవారు కాదు, గమనించావో లేదో, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి విను.

అందుకే నువ్వు రాస్తే ఇలా రాయి. నువ్వేం అడిగావు, ఆయన ఎదురు ఏం అడిగారు, నువ్వు కొలిచి ఏం చెప్పావు, ఆయన ఏమన్నారు, చివరికి విప్పితే ఏం దొరికింది. ఎదురు అడిగినవి తప్పకుండా ఉండాలి, నా లెక్కలో ఆయన మనకిచ్చిన ఆస్తి అవే. ఆయన పొరబడినవి కూడా వదలొద్దు. నాకొకసారి ఫోన్‌లో కెపాసిటర్ పోయుంటుందన్నారు, రాత్రంతా ఆలోచించి తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ చేసి, లేదు నేను తప్పు చెప్పాను, బేరింగ్ పట్టేస్తోంది, చేత్తో తిప్పి చూడు అన్నారు. బేరింగే. ఆ ఐదింటి ఫోన్ పుస్తకంలో లేకపోతే అది ఆయన పుస్తకం కాదు. ఆయన మాటలు తీసి పుస్తకం తెలుగులోకి మార్చకు కూడా. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి ఊరు మనది, మాస్టారు కూడా స్లిప్, అంటే మోటారు తిరగాల్సిన వేగం కన్నా కాస్త వెనకబడటం, గురించి చెప్పాలంటే ముందెద్దు వెనకెద్దు అని నూర్పిడి కళ్ళంలోంచి చెప్పేవారు, నిమిషానికి 1500 తిరగాల్సినది 1440 ఎందుకు తిరుగుతుందో మా కుర్రాళ్ళు ఇప్పటికీ అలాగే చెప్పుకుంటారు. దాన్ని అలాగే ఉంచు.

ఎవర్ని అడగాలి అన్నావు. ఆయనలా అన్నీ తెలిసిన మనిషి మళ్ళీ దొరకడు, అది ఒప్పుకోవాలి, ఒప్పుకోవడానికి నాకూ కష్టంగానే ఉంది. పన్నెండో రోజు భోజనాల దగ్గర మేం ఇరవై ముప్పై మంది కూర్చున్నాం కదా, వడ్డన అయ్యేలోపు చూస్తే ఒకరితో ఒకరు మోటార్లే మాట్లాడుకుంటున్నారు. పద్మపూర్ కుర్రాడు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆన్చి బేరింగ్ ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పేస్తాడు. రమణగుడలో ఒకతను ఉన్నాడు, సబ్‌మెర్సిబుల్ పంపుల్లో అతన్ని మించినవాడు లేడు. మెళియాపుట్టి ఆమె డిప్లొమా చదివి ప్యానెల్ బోర్డులు చేస్తోంది, కంట్రోల్ వైరింగ్ ఆవిడని అడుగు. రివైండింగ్ అయితే నేనున్నాను. రీడింగ్ లేకుండా అడిగితే మాత్రం నేనూ ఆయన మాటే అంటాను.

మాస్టారి చేతి మెగ్గర్ గుర్తుందా, చెక్కపెట్టెది, పిడి తిప్పేది. ఎవరడిగినా ఇచ్చేవారు. ఆ పెట్టె మూత లోపల కాగితం అంటించి ఉంటుంది, ఎవరు తీసుకెళ్ళారు, ఏ ఊరు, ఏ తేదీ, తిరిగొచ్చాక ఒక టిక్కు. ఒక కాగితం నిండితే దాని మీదే ఇంకోటి, ఇప్పటికి నాలుగు పొరలు. ఆఖరి వరసలో టిక్కు లేదు, ఆయన ఆసుపత్రికి వెళ్ళేముందు కాశీనగరం ఇచ్చారు, అక్కడే ఉంది. అమ్మగారిని అడిగాను, అలా తిరుగుతూనే ఉండనివ్వండి అన్నారు. నీ డిజిటల్ మెగ్గర్ బ్యాటరీ మీద నాకు అనుమానంగా ఉంది, రేపు వెళ్ళి అది తెచ్చుకో, మూతలో నీ పేరు రాయి. పిడి మరీ నెమ్మదిగా తిప్పకు, కాస్త వేగంగా తిప్పితే లోపల క్లచ్ జారినట్టు చేతికి తెలుస్తుంది, అక్కడ నిలకడగా ఉంచు. మోటారు ఆరి, చల్లారాక, ఒక నిమిషం దగ్గర ఒక రీడింగ్, ఆపకుండా తిప్పుతూ పది నిమిషాల దగ్గర ఇంకోటి. రెండోది మొదటిదానికి రెట్టింపైనా ఉండాలి. పది నిమిషాలు ఒక్కడివే తిప్పలేవు, చేతులు మార్చుకోడానికి పక్కన ఇంకొకర్ని పెట్టుకో. రెండు రీడింగులూ, అప్పటి వేడీ రాసి నాకు పంపు, రాత్రి ఎంతైనా చూస్తాను.